పచ్చదీపం చెప్పని లెక్క



మన ఇళ్లలో మెట్ల కిందనో, బాల్కనీ మూలనో ఒక బ్యాటరీ ఉంటుంది. పక్కనే ఇన్వర్టరు, దాని మొహాన ఒక పచ్చదీపం. ఆ దీపం వెలుగుతున్నంతకాలం మనకు నిశ్చింత. ఎప్పుడైనా దుమ్ము దులుపుతాం, దసరాకి ఇంత కుంకుమబొట్టు పెడతాం, అంతటితో మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం. నేనూ ఆరేళ్లపాటు అలాగే అనుకున్నాను. ఆ భ్రమ ఎలా వదిలిందో, తరవాత నేను నేర్చుకున్నదేమిటో ఈవేళ మీతో చెప్పుకుంటాను. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. నాకు అర్థమైందంటే మీకు తప్పకుండా అర్థమవుతుంది.

2022 ఏప్రిల్ నెలాఖరు. ఆ నెల ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు ఎంత ఏడిపించిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫ్యాక్టరీలకు సైతం పవర్ హాలిడే ప్రకటించారు. ఒకనాటి రాత్రి ఒంటిగంట దాటాక విశాఖలో మా పేట అంతా చీకటైంది. మా అత్తయ్యగారికి ఉబ్బసం. ఉక్కకి లేచి కూర్చున్నారు, ఆయాసం మొదలైంది. ఇన్వర్టరు ఉందిగా అన్న ధైర్యంతో ఆవిరిమందు పట్టే మిషను, అదే నెబ్యులైజరు, పెట్టాను. అయిదు నిమిషాలు నడిచిందో లేదో, ఇన్వర్టరు కుయ్ కుయ్‌మని అరిచి ఆగిపోయింది. ఫ్యాన్లు, దీపాలు, మిషను, అన్నీ ఒక్కసారే. ఆవిడ నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇప్పటికీ మరిచిపోలేను. మావారు వీధి చివరికి పరుగెత్తి ఆటో తెచ్చారు. ఆస్పత్రిలో మందు పట్టాక తెల్లవారుఝాముకి తేరుకున్నారు. ఇంటికొచ్చేసరికి కరెంటు వచ్చి ఉంది. ఇన్వర్టరు మీద పచ్చదీపం ఏమీ ఎరగనట్టు వెలుగుతోంది.

మర్నాడు బ్యాటరీ అమ్మిన దుకాణం మనిషి వచ్చి మూత తీసి చూసి, "పోయిందండీ, కొత్తది వేయించుకోండి" అన్నాడు. ఎందుకు పోయిందయ్యా అంటే, "బ్యాటరీలన్నాక పోతాయి కదండీ" అన్నాడు. అంతే!

మా అన్నయ్య ఫిషింగ్ హార్బరులో బోట్లకు వైరింగు, బ్యాటరీల పని చేస్తాడు. సంగతి చెప్పగానే, "తొందరపడి కొనకమ్మా. ఆదివారం హార్బరుకి రా, ఓ బోటు చూపిస్తాను, ఆ తరవాత కొందువుగాని" అన్నాడు. ఇంట్లో బ్యాటరీ చెడితే బోటు చూడ్డమేమిటని విసుక్కుంటూనే వెళ్లాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో చేపలవేట నిషేధం కదా, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. మరమ్మతులన్నీ ఆ రెండు నెలల్లోనే.

నడిసముద్రంలో ఉన్న బోటూ, కరెంటు పోయిన ఇల్లూ ఒకటే చూడండి. ఇద్దరికీ దాచుకున్నదే ఆధారం. తేడా ఏమిటంటే, బోటువాడికి ఆ సంగతి తెలుసు, మనకి తెలీదు.

అన్నయ్య చూపించిన బోటులో రెండు బ్యాటరీలు ఉన్నాయి. ఒకటి ఇంజను తిప్పడానికి, రెండోది దీపాలకీ, వైర్‌లెస్ సెట్టుకీ, జీపీఎస్‌కీ, చేపల జాడ చూపే ఎకో సౌండరుకీ. రెండింటినీ కలపడానికి, విడదీయడానికి చేత్తో తిప్పే పాత స్విచ్చి. ఒక ట్రిప్పులో ఎవరో దాన్ని 'రెండూ' అన్నచోట వదిలేశారట. రాత్రంతా దీపాలు వెలిగి, తెల్లారేసరికి రెండు బ్యాటరీలూ అడుగంటాయి. ఇంజను తిరగలేదు. వైర్‌లెస్సూ మూగబోయింది. మధ్యాహ్నం అటువైపు వచ్చిన ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. ఆ పాత ఏర్పాటంతా తీసి కొత్తది పెట్టడమే అన్నయ్య అప్పుడు చేస్తున్న పని.

ముందుగా మీటరు రెండు చోట్ల పెట్టి చూపించాడు. ఇంజను తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటరు దగ్గర 14.2 వోల్టులు. అదే కరెంటు సన్నటి పాత వైరు గుండా, చిలుం పట్టిన కొసల గుండా బ్యాటరీ దగ్గరకు చేరేసరికి 13.4. "చూశావా, దారిలోనే కారిపోతోంది. ఈ బ్యాటరీ కొన్ననాటినుంచి ఒక్కరోజు కూడా కడుపునిండా తినలేదు. యజమాని మాత్రం మూడుసార్లు బ్యాటరీ మార్చాడు" అన్నాడు.

నాకు అక్కడే మా ఇల్లు కళ్లముందు కదిలింది.

బ్యాటరీ ఎందుకు చస్తుందో చెబుతాను. లోపల సీసపు పలకలు, యాసిడ్ కలిసిన నీళ్లు ఉంటాయి. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన 1859లో కనిపెట్టిన పద్ధతే, ఇప్పటికీ మూలం అదే. మనం కరెంటు వాడుకుంటున్నకొద్దీ పలకల మీద తెల్లటి ఉప్పులాంటిది ఏర్పడుతుంది. ఛార్జి చేస్తే అది కరిగి మళ్లీ యాసిడ్‌లో కలుస్తుంది. పూర్తిగా ఛార్జి చెయ్యకుండా రోజుల తరబడి వదిలేస్తే మాత్రం గట్టిపడి కూర్చుంటుంది, గీజరులో ఉప్పునీళ్ల పొలుసు పట్టినట్టు. ఇక కదలదు. ఇంటి సంపులో అడుగున బురద చేరిందనుకోండి. పైనుంచి చూస్తే నీళ్లు అంచుదాకానే కనిపిస్తాయి, మోటారు వేస్తే పది నిమిషాల్లో ఖాళీ. మా బ్యాటరీ చేసింది సరిగ్గా అదే. పచ్చదీపం పైమట్టం ఒక్కటే చూసి 'నిండింది' అంది. అడుగున బురద సంగతి దానికి తెలీదు.

ఎక్కువ ఛార్జి చేసినా చేటే. నీళ్లు విడిపోయి హైడ్రోజన్ వాయువుగా, ఆక్సిజన్‌గా ఎగిరిపోతాయి, పలకలు బయటపడి ఎండిపోతాయి. అందుకే బ్యాటరీ ఉన్నచోట గాలి ఆడాలి, దీపారాధన కుంది, అగరొత్తులు దరిదాపుల్లో ఉండకూడదు. దసరాకి నేను వెలిగించిన హారతి తలుచుకుంటే ఇప్పుడు గుండె ఝల్లుమంటుంది.

మరి ఛార్జి ఎలా చెయ్యాలి? మనం పాలు కాచినట్టు! మొదట పెద్దమంట పెడతాం, పొంగు వచ్చే వేళకు తగ్గిస్తాం, ఆ తరవాత చల్లారిపోకుండా సిమ్‌లో ఉంచుతాం. మంచి ఛార్జరు ఈ మూడూ చేస్తుంది. మొదట ఎంత కరెంటు ఇవ్వగలిగితే అంతా ఇస్తుంది. 14.4 వోల్టులు దరిదాపుకు వచ్చాక అక్కడే నిలబెట్టి, బ్యాటరీ తాగినకొద్దీ కరెంటు తగ్గిస్తూ పోతుంది. ఈ రెండో దశకే గంటలు పడుతుంది, ఓపిక కావాలి. చివరికి 13.6 ప్రాంతానికి దిగి కాపలా కాస్తుంది. మా పాత ఇన్వర్టరులోని ఛార్జరుకి ఈ తెలివి లేదు. మంట ఒకటే. ఎండాకాలం నీళ్లు మరగబెట్టేస్తుంది, ఓ పక్క చిలుం పట్టిన టెర్మినల్ దగ్గర మోసపోయి, నిండకుండానే నిండిందనుకుని ఆగిపోతుంది. దాని కింద కొత్త బ్యాటరీ పెడితే? ఇంకో రెండేళ్లకి అదీ అదే దారి. దుకాణం మనిషి ఈ ముక్క చెప్పలేదు. ఎందుకు చెబుతాడు లెండి.

బోటులో అన్నయ్య చేసినవి మూడు పనులు. సన్నవైర్లు పీకి లావువి వేశాడు, ప్రతి బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాడు. చేత్తో తిప్పే స్విచ్చికి బదులు తనంతట తాను వోల్టులు చూసుకునే రిలే బిగించాడు. ఇంజను బ్యాటరీ నిండి 13.3 దాటితే రెండోదాన్ని కలుపుతుంది, 12.8కి పడితే విడదీస్తుంది. మనిషి మరిచిపోయినా అది మరిచిపోదు. మూడోది నాకు బాగా నచ్చింది. బ్యాటరీ మైనస్ తీగలో షంట్ అనే ఇత్తడి దిమ్మ. లోపలికి పోయే కరెంటూ, బయటికి వచ్చే కరెంటూ అంతా దాని మీదుగానే నడవాలి. దానికి కట్టిన చిన్న మీటరు ఎంత వచ్చింది, ఎంత పోయింది అని కూడుతూ తీసేస్తూ ఉంటుంది. అచ్చంగా మన పద్దుల పుస్తకం! కొట్టువాడి మాట నమ్మక మనం రాసుకుంటామే, అలాగ. ఆ పుస్తకంలోనూ పైసలు తేడాలొస్తాయి కనక బ్యాటరీ పూర్తిగా నిండిన రోజున 'నూరు' అని మళ్లీ మొదలు పెట్టాలి. చాలా మీటర్లు ఆ పని తామే చేసుకుంటాయి.

"కొత్తగా వచ్చిన లిథియం బ్యాటరీ పెట్టెయ్యొచ్చుగా" అన్నాను నేను, టీవీలో ప్రకటన చూసిన జ్ఞానంతో. అన్నయ్య నవ్వాడు. లిథియం మంచిదే. బరువు తక్కువ, నీళ్లు పోసే పని లేదు, దాచుకున్నదాంట్లో ఎక్కువ భాగం వాడుకోవచ్చు, వేల సార్లు ఛార్జి చెయ్యొచ్చు. కానీ ఆకలి ఎక్కువ. ఎంత కరెంటు ఇస్తే అంతా లాగేస్తుంది. పాత ఆల్టర్నేటరుకి నేరుగా కడితే అది వేడెక్కి కాలిపోతుంది. మధ్యలో హద్దు పెట్టే ఛార్జరు కావాలి. ఇంట్లోనైనా అంతే, ఇన్వర్టరులో లిథియంకి వేరే అమరిక ఉంటేనే పెట్టాలి. ఇంకో సంగతి. సీసం బ్యాటరీ ట్యాంకు కింది కుళాయిలాంటిది, నీళ్లు తగ్గినకొద్దీ ధార సన్నబడుతుంది, కనిపెట్టొచ్చు. లిథియం గ్యాసుబండలాంటిది. చివరి రోటీ దాకా మంట ఒకేలా ఉంటుంది, తరవాత టక్కున ఆరిపోతుంది. వోల్టులు చూసి దాని కడుపు తెలుసుకోలేం. దానికి పద్దుల పుస్తకం లేకపోతే అసలు కుదరదు.

ఇంటికొచ్చాక కాగితం కలం తీసుకుని కూర్చున్నాను. మీరూ కూర్చోండి. బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని ఉందనుకోండి. 12 వోల్టులతో హెచ్చిస్తే 1,800. అంటే వంద వాట్ల దీపం 18 గంటలు. ఇది కొత్త బ్యాటరీకి, నెమ్మదిగా ఇరవై గంటలపాటు వాడితే వచ్చే లెక్క. సీసం బ్యాటరీని రోజూ సగానికి మించి వాడకుండా ఉంటేనే అది నాలుగు కాలాలు ఉంటుంది, కనక 900. ఇన్వర్టరు తను తినేది పోగా 750 ప్రాంతం చేతికొస్తుంది. రెండు పాత ఫ్యాన్లు 150 వాట్లు, మూడు ఎల్‌ఈడీ దీపాలు 27. నాలుగు గంటలు హాయిగా నడవాలి. నెబ్యులైజరు? 150 వాట్లు, పావుగంట. అంటే నలభై కూడా కాదు! 750లో నలభై. ఆ నలభై ఆ రాత్రి మా బ్యాటరీలో లేదు. ఆ అంకె చూసి చాలాసేపు కలం కింద పెట్టేశాను.

అన్నయ్య నేర్పిన పరీక్ష ఇది. ఒక మల్టీమీటరు కొనుక్కోండి, ఎలక్ట్రికల్ షాపుల్లో చవగ్గానే దొరుకుతుంది. ముందు ఇన్వర్టరుకి వచ్చే కరెంటు ఆపి, ఇన్వర్టరునీ ఆపి, బ్యాటరీని మూడు నాలుగు గంటలు ఊరికే ఉండనివ్వండి. మీటరుని డీసీ 20 దగ్గర పెట్టి ఎర్రకొస ప్లస్‌కి, నల్లకొస మైనస్‌కి ఆనించండి. 12.6 గాని పైన గాని ఉంటే నిండినట్టు. 12.2 అయితే సుమారు సగం. 11.8 అంటే అడుగంటింది. ఛార్జి మీద ఉన్నప్పుడు చూస్తే 13.5 పైన కనిపిస్తుంది, అది ఛార్జరు గొప్పే కాని బ్యాటరీ గొప్ప కాదు, నమ్మకండి. ఇక అసలు పరీక్ష. కరెంటు ఆపే ఉంచి, ఇన్వర్టరు మాత్రం వేసి, రెండు ఫ్యాన్లు పెట్టి గంటసేపు చూడండి. మంచి బ్యాటరీ 12 ప్రాంతంలో నిలకడగా ఉంటుంది. మాది 12.6 నుంచి పదినిమిషాల్లో 10.9కి పడింది. సంపులో బురద తేలిపోయింది.

ఇంకొంచెం ఓపిక ఉంటే హైడ్రోమీటరు అనే గాజుగొట్టంతో ఆరు గదుల్లోని యాసిడ్ చిక్కదనం చూడొచ్చు. అయిదు గదులు ఒకలా ఉండి ఒక్కటి 0.050 తేడాతో కిందికి ఉంటే ఆ గది చెడినట్టే, ఆ ఒక్క గదే తక్కిన అయిదింటినీ ముంచుతుంది. యాసిడ్ పని మాత్రం కళ్లజోడు, రబ్బరు తొడుగులు లేకుండా వద్దు. నా నూలుచీర కుచ్చిళ్లలో మర్నాడు ఉతికాక కనిపించిన చిల్లులే సాక్ష్యం.

ఒక హెచ్చరిక మీకోసం ప్రత్యేకం. బ్యాటరీ దగ్గర చెయ్యి పెట్టేముందు బంగారు గాజులు, ఉంగరాలు తీసెయ్యండి, మంగళసూత్రం గొలుసు జాకెట్ లోపలికి వేసుకోండి. పన్నెండు వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అనుకుంటాం. షాకు నిజమే, కొట్టదు. కానీ ప్లస్సుకీ మైనస్సుకీ మధ్య ఒక గాజు అడ్డం పడిందంటే వందల ఆంపియర్లు దాంట్లోంచి పారుతాయి. గాజు ఎర్రగా కాలి చేతికి అంటుకుంటుంది. టెర్మినల్ ఊడదీసేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు మైనస్ చివర.

చివరికి ఏం చేశామంటారా? ఇన్వర్టరు మార్చాం. మూడు దశల్లో ఛార్జి చేసేది, సైన్‌వేవ్‌ది, ఫ్యాన్లు గుయ్యిమనవు. బ్యాటరీ మార్చాం, మళ్లీ సీసందే, పొడుగు గొట్టాల ట్యూబులర్ రకం. లిథియం మీద నాకు మనసుంది గాని, ఆ నెల మందుల ఖర్చు ముందు అది నిలబడలేదు. చిటికెన వేలంత సన్నటి పాతవైర్ల స్థానంలో బొటనవేలంతవి, అవీ పొట్టివి, మధ్యలో ఫ్యూజు. పడమటెండ పడే బాల్కనీ నుంచి తూర్పువైపు వరండాలోకి బ్యాటరీని మార్చాం. పాతిక డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీల వేడికీ దాని ఆయువు సుమారు సగమవుతుందట, పాపం. హాలులోనూ అత్తయ్యగారి గదిలోనూ ముప్ఫై వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టాం. దాంతో అదే బ్యాటరీ దాదాపు రెట్టింపు సేపు వస్తోంది. నన్నడిగితే డబ్బు తక్కువున్నవాళ్లు మొదట చెయ్యాల్సింది ఈ ఫ్యాన్ల పనే.

పాత బ్యాటరీని తూకానికి కొంటానని పాతసామాన్లవాడు గుమ్మంలోకి వచ్చాడు. ఇవ్వలేదు. యాసిడ్ కాలవలో పారబోసి, సీసాన్ని ఏ ఇంటి పెరట్లోనో కరిగిస్తే ఆ పొగ పీల్చేది చిన్నపిల్లలు. పిల్లల మెదడుకి సీసం విషం. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కూడా పాతవాటిని తిరిగి తీసుకునే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. కొత్తది కొన్నచోటే పాతది ఇచ్చి వెల తగ్గించుకున్నాం.

ఇక రోజువారీ పని ఎంతో లేదు. నెలకోసారి నీటిమట్టం చూడడం, తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయడం. కుళాయి నీళ్లు, ఫిల్టరు నీళ్లు వద్దు. మా పాత బ్యాటరీలో ఒక మెకానిక్ పోసి వెళ్లినవి కుళాయి నీళ్లేనని తరవాత తెలిసింది. మూడు నెలలకోసారి టెర్మినళ్ల చిలుం వంటసోడా నీళ్లతో తుడిచి, ఆ నీళ్లు గదుల్లోకి జారకుండా మూతలు బిగించి ఉంచి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాస్తాను. అంతకుముందు పైన చెప్పిన ఫ్యాన్ల పరీక్ష ఒకసారి చేసి, వచ్చిన అంకె క్యాలెండరు మీద పాలవాడి లెక్క పక్కన వేసుకుంటాను.

షంట్ మీటరుని అన్నయ్య వంటింటి గోడకి, గ్యాసుపొయ్యికి ఎడంగా బిగించాడు. దాన్ని మొదట్లో నేనే చూసేదాన్ని. ఇప్పుడు ఆ పని అత్తయ్యగారు లాక్కున్నారు. మొన్నరాత్రి రెండు గంటలు కరెంటు పోయి వస్తే, పొద్దున్నే కాఫీ గ్లాసుతో గోడ దగ్గర నించుని, "అమ్మాయ్, రాత్రి ఎనభై ఎనిమిదికి దిగిందే, ఇప్పుడు తొంభై నాలుగయ్యింది. ఇంకా ఎక్కుతోంది" అన్నారు.